మ్యాట్ చాచా చెప్పిన మాట

మ్యాట్ చాచా పోయాడన్న కబురు నాకు నార్కట్‌పల్లి బస్టాండులో తెలిసింది. ఆయన దిగాల్సిన బస్సు కోసమే నేనక్కడ నిలబడి ఉన్నాను. మొన్న ఆదివారం పొద్దున, తొమ్మిది దాటింది. నల్లగొండ నుంచి వచ్చే ప్రతి బస్సు మెట్లవంకా చూస్తున్నాను. ముందు ఆయన సుత్తె ఉన్న గుడ్డసంచీ దిగుతుందా, ముందు మనిషి దిగుతాడా అని నాలో నేనే నవ్వుకుంటున్నాను కూడా. ఇంతలో ఎస్టీడీ బూతు నడిపే ఆయన చెయ్యి ఊపాడు.

"టీచరమ్మా, పాలమూరు నుంచి ఫోను. జల్ది రండి."

ఫోనులో నా కాలేజీ జూనియర్. "అక్కా, చాచా లేడక్కా. పొద్దుగాల నమాజుకని కాళ్ళుచేతులు కడుక్కుంట ఆడనే కూలబడ్డడంట. దవాఖానకు తీస్కపోయేలోపలనే పానం పోయింది" అంది.

"మరి బస్సు ఎక్కలేదా?" అన్నాను నేను. అడగాల్సిన ప్రశ్నేనా అది? నా నోటికి అదే వచ్చింది. శనివారం సాయంత్రం ఇదే బూతులో, ఇదే ఫోనులో ఆయనతో మాట్లాడాను. "టిఫిన్ చెయ్యకుండ వస్త, నువ్వే పెట్టాలె" అన్నాడు. ఉప్మాకు రవ్వ వేయించి పెట్టి వచ్చాను. ఫోను పెట్టేశాక కూడా ఇంకో రెండు బస్సులు చూశాను. రెండింట్లోంచీ ఆయన దిగలేదు.

ఈ పేజీ చదివేవాళ్ళలో చాలామందికి ఆయన తెలియడు. పాలమూరులో మా ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో అటెండరు. బెల్లు కొట్టడం, ప్రిన్సిపాల్ గదిలో కూజా నింపడం, రిజిస్టర్లు మోయడం ఆయన ఉద్యోగం. సాయంత్రం నాలుగు దాటాక క్రికెట్ మ్యాటు పరవడం మాత్రం ఎవరూ చెప్పకుండా నెత్తినేసుకున్న పని. అందుకే ఆయన మాకు మ్యాట్ చాచా.

మాది మొరం గ్రౌండు. గడ్డి సంగతి దేవుడెరుగు, అక్కడ ముళ్ళకంప కూడా ఆలోచించి మొలిచేది. దాని మీద కొబ్బరిపీచుతో నేసిన పొడుగాటి మ్యాటు పరిచి, అంచుల వెంట ఇనుప మేకులు కొట్టి బిగిస్తే అదే మా పిచ్. చాచా మ్యాటును ఒకవైపు నుంచి కాలితో తొక్కిపట్టి, రెండోవైపు మా చేత లాగించేవాడు. బిగించాక చెప్పులు విడిచి ఈ చివర నుంచి ఆ చివరికి అరికాలు ఆనించి నడిచేవాడు. ఎక్కడన్నా ముడత తగిలితే ఆ మేకులు పీకి మళ్ళీ మొదలు. "చాలు చాచా, పొద్దుపోతాంది" అని మేం గోల పెడితే, "ముడత మీద బంతి పడి మూతికి తగిల్తె మీ అమ్మకు నేను జవాబు చెప్పాలె. జర ఓపిక పట్టుండ్రి" అనేవాడు. ఆట అయ్యాక మేకులన్నీ డబ్బాలో వేసి లెక్కపెట్టేవాడు. ఒక్కటి తక్కువైనా చీకటి పడేదాకా వెతకాల్సిందే. మాలో సగంమందిమి బూట్లు లేకుండా ఆడేవాళ్ళం మరి.

అవి ఎనభైల నాటి సంగతులు. ఆడపిల్లలు బ్యాటు పట్టుకుంటే కాలేజీ గోడ మీద జనం వరసగా కూర్చునేవాళ్ళు. ఒకసారి ఒకడు ఏదో కూశాడు. చాచా సుత్తె చేతిలో పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. ఏం జరుగుతుందో అని మేం ఆట ఆపేసి చూశాం. ఆయన తాపీగా, "చూసెటోనివైతె మంచిగ కూసొని చూడు. బంతి అవుతల పడ్డప్పుడు జర అందియ్యి" అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళే బంతులు తెచ్చిచ్చేవాళ్ళు. మా ప్యాడ్లు మగవాళ్ళ కొలతవి. నాకు నడుము దాకా వచ్చేవి. చాచా పాత సైకిల్ ట్యూబు కోసి వాటికి పట్టీలు కుట్టించి పెట్టాడు.

మాది అచ్చంపేట. బాపు చింతపండు, తేనె కొని అమ్మేవాడు. నన్ను హాస్టల్లో చేర్చిన రోజే మాట తేల్చేశాడు. "మూడేండ్లు ఆడుకో బిడ్డ. యూనివర్సిటీ టీముల వస్తివా, ఇంక ఎంతదాంకనైనా ఆడు, నేనద్దన. రాకపోతివా, బ్యాటు ఆడ్నే పెట్టి రావాలె." కాలేజీ నుంచి యూనివర్సిటీ జట్టు, అక్కణ్ణుంచి దక్షిణాది యూనివర్సిటీల పోటీలు, అక్కడ ఎవరి కంటనన్నా పడితే రాష్ట్ర జట్టు, ఆ తరవాతే ఇండియా. మా జిల్లా నుంచి అప్పటికి మొదటి మెట్టు ఎక్కిన ఆడపిల్ల నాకు తెలిసి లేదు. నేను ఎక్కుతానని కాలేజీ అంతా నమ్మింది. నేను ఇంకా ఎక్కువ నమ్మాను.

ఎందుకంటే మ్యాటు మీద నన్ను ఆపేవాళ్ళు లేరు. మ్యాటు మీద పడ్డ బంతి రొమ్ము ఎత్తుకు లేస్తుంది. నేను ఒక అడుగు వెనక్కి వేసి, లేచిన బంతిని లాగి కొడితే గోడ మీదవాళ్ళు కూడా దిగి పరిగెత్తేవాళ్ళు. ఆ ఒక్క షాటుతో మూడేళ్ళు పేరు సంపాదించాను. పోటీలకు వెళ్ళిన ఊళ్ళలోనూ మ్యాటే, మట్టి పిచ్ ఎలా ఉంటుందో మా జట్టులో ఎవరమూ చూడనే లేదు. దాని మీద ఆడే ఆట వేరుగా ఉంటుందన్న ఆలోచన కూడా మాకు లేదు.

మూడో ఏడు యూనివర్సిటీ జట్టు ఎంపికలు హైదరాబాదులో. కిట్టు మోయడానికి చాచా మాతో వచ్చాడు. ముందురోజు సాయంత్రం మేమంతా గ్రౌండు బయట బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తింటుంటే, ఆయన ఒక్కడే పిచ్ దగ్గరికి పోయి గొంతుకూర్చుని బొటనవేలితో మట్టి నొక్కి చూశాడు. తిరిగొచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"బేటీ, గిది మన మ్యాటు కాదు. బంతి లేవది. మోకాలు కిందనే ఉంటది. ఎనకకు పోకు. ముంగటికి అడుగెయ్యి."

"సరే చాచా" అన్నాను. అనడమే. లోపల నవ్వుకున్నాను. జీవితంలో ఒక్క మ్యాచి ఆడని మనిషి, బెల్లు కొట్టే మనిషి, నాకు ఆట చెబుతున్నాడా అనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా రాయాలి. ఇవాళ కాకపోతే ఇంకెప్పటికీ రాయను.

మర్నాడు మూడో బంతి పొట్టిగా పడింది. నా బంతే అది. వెనక్కి అడుగేసి బ్యాటు తిప్పాను. బంతి లేవలేదు. వికెట్టు ఎగిరిపోయింది. మధ్యాహ్నం రెండో మ్యాచిలో ఇంకో అవకాశం ఇచ్చారు. అప్పుడూ అంతే, అచ్చు అలాగే. జాబితాలో నా పేరు లేదు.

మా ఆటల మేడం మండిపడింది. "ఏమైందే నీకు? ప్రతి బంతికి ఎనకకే పోతున్నవ్! తెల్వదా?" అని అందరి ముందూ అడిగింది. అప్పుడు నేనన్న మాట ఇది.

"మాకెవ్వలు చెప్పిండ్రు మేడం? మూడేండ్లు చాచా మ్యాటు మీదనే ఆడిపిచ్చిండు. గిది వేరేగ ఉంటదని ఒక్క మాటన్న చెప్పలే."

చాచా నా వెనకే, కిట్టు సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. మేడం ఆయన వైపు తిరిగింది. ఆయన నా మొహం చూశాడు. కోపంగా కాదు, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూశాడు. తరవాత, "గల్తీ నాదే మేడం" అన్నాడు.

ఆ తరవాతి ఏడు నుంచి జట్టుతో ఊళ్ళకు ఆయన్ని పంపడం మానేశారు. ఏడాదికి రెండుసార్లు కిట్టు మోసుకుంటూ మాతో రైలెక్కడం ఆయనకు పండగ. నా ఒక్క అబద్ధం ఆ పండగ తీసేసింది. బాపు మాట ప్రకారం నా ఆట ముగిసింది. వ్యాయామ విద్య చదివి, నార్కట్‌పల్లి దగ్గర ఆడపిల్లల బడిలో ఆటల టీచరయ్యాను.

చాచా మాత్రం ఊరుకోలేదు. నేను కాలేజీ వదిలిన ఎండాకాలంలోనే చెరువులో పూడిక మట్టి బండ్లతో తోలించి, గ్రౌండు మూల మొరం తవ్వించి, మట్టి పిచ్ మొదలుపెట్టాడు. నేర్పినవాళ్ళు లేరు. హైదరాబాదులో చూసిన ఒక్క పూట చూపే ఆయన చదువు. మొదటి ఏడు పిచ్ నెర్రెలిచ్చింది. రెండో ఏడు వానకు కొట్టుకుపోయింది. మూడో ఏడు నిలబడింది. నా తరవాత కాలేజీలో చేరిన జూనియర్, మొన్న నాకు ఫోను చేసినామే, ఆ మట్టి మీదే ముందుకు అడుగు వెయ్యడం నేర్చుకుంది. యూనివర్సిటీ జట్టుకు కెప్టెన్ అయింది, రాష్ట్రానికి ఆడింది, తొంభైల్లో ఇండియా జట్టుతో విమానమెక్కింది. పేపర్లో వచ్చిన ఆమె ఫొటోను చాచా మ్యాటు దాచే గది తలుపుకు అంటించుకున్నాడు. ఆ మ్యాటును అప్పటికే చుట్టి అటక మీద పడేశారు.

నాతో మాట్లాడే తీరు ఆయన ఎన్నడూ మార్చలేదు. రిటైరయ్యాక నెలకోసారి ఈ బూతుకు ఫోను చేసేవాడు. "ఇంకా ఎనకకే ఆడుతున్నవా బేటీ?" అని ఆటపట్టించేవాడు. నేను నవ్వేసేదాన్ని. ప్రతిసారీ అసలు మాట నాలుక చివరిదాకా వచ్చేది. ఫోనులో చెప్పేది కాదులే, ఎదురుగా చెప్పాలి అనుకునేదాన్ని. ఈ ఏడు మా బడిలో కూడా మట్టి పిచ్ వేద్దామని నేనే ఆయన్ని పిలిచాను. పిచ్ నిజమే, కానీ పిలిచింది ఆ మాట చెప్పడానికే. ఉప్మా పెట్టి, ఎదురుగా కూర్చుని, "చాచా, ఆ రోజు నువ్వు చెప్పినవ్. నేనే అబద్ధమాడిన" అని చెబుదామని శనివారమంతా మనసులో అనుకుంటూనే ఉన్నాను.

ఫోనులో శనివారం ఆయన చెప్పిందంతా మట్టి గురించే. "నీళ్ళు మంచిగ పొయ్యి. రాత్రంత తాగనియ్యి. రేపు నేనొచ్చి బొటనేలు పెట్టి చూస్త. అచ్చు పడాలె, మట్టి ఏలుకు అంటొద్దు. గప్పుడే రోలర్ తిప్పాలె. గా టైము దాటితె ఏలు దిగది, మల్ల మొదటికెళ్ళి నీళ్ళు పోసుకోవాలె."

ఆదివారం నేను పాలమూరు చేరేసరికి ఖననం అయిపోయింది. చాచా భార్య, మా చాచీ, గది మూల కూర్చుని ఉంది. ఆమె పక్కనే గుడ్డసంచీ, నాకోసం సర్దుకున్నది. అందులో సుత్తె, కొలతల తాడు, ఒక జత బట్టలు. నన్ను చూసి చాచీ చెయ్యి పట్టుకుంది.

"నీ ఫికరే ఉండె ఆయనకు. 'గా పొద్దు నేను చెప్పిన్నో చెప్పలేదో నాకే యాదికొస్తలేదు. చెప్పిన అనుకున్న గని, చెప్పలేదేమో. చెప్పినా ఉర్దూల అన్ననో ఏమో. రెండుసార్లు చెప్తె గా పిల్ల గూడ ఇండియాకు ఆడుతుండె' అనెటోడు. ఆఖరికి చెప్పలేదనే తేల్చుకున్నడు. నిన్న మాపటికి గూడ గదే మాట. 'రేపు పోయి జర మాఫీ అడిగొస్త' అన్నడు."

ఆయన నన్ను కాపాడడానికి తప్పు తన మీద వేసుకున్నాడనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. అదే పెద్ద బరువనుకున్నాను. ఆయన నా అబద్ధాన్ని నమ్మాడు. నేను అంత ధైర్యంగా అందరి ముందూ అన్నాను కాబట్టి, తన జ్ఞాపకమే తప్పని తేల్చుకున్నాడు. బొటనవేలితో నొక్కి చూసిన మట్టిని, తన నోటితో చెప్పిన మాటను కూడా కాదనుకున్నాడు.

"చెప్పిండు చాచీ" అన్నాను. "తెలుగులనే చెప్పిండు. మంచిగ అర్థమైంది నాకు. నేనే ఇనలే."

చాచీ తిట్టలేదు. "మరి గా మాట ఆయనకు చెప్పకపోతివి" అంది.

సోమవారం బడికి వెళ్ళాను. పిల్లలు గ్రౌండులోనే ఉన్నారు. శనివారం రాత్రి నీళ్ళు పోసిన పిచ్ చుట్టూ తాడు కట్టి, ఆదివారమంతా, ఎవరూ తొక్కకుండా కాపలా కాశారట. పంచాయతీ వాళ్ళ రాతి రోలర్ పక్కనే సిద్ధంగా ఉంది. నేను గొంతుకూర్చుని బొటనవేలు పెట్టాను. దిగలేదు. గట్టిగా నొక్కాను. గోరు నొప్పి పుట్టింది గానీ అచ్చు పడలేదు. ఒక అంచున సన్నటి నెర్రె కూడా మొదలైంది.

"మల్ల పొయ్యాల్నా టీచర్?" అంది ఒక పిల్ల.

పొయ్యమన్నాను. బిందెలు పట్టుకుని బోరింగు దగ్గరికి ఉరికారు. వాళ్ళు తిరిగొచ్చాక దగ్గర నిలబెట్టుకుని చెప్పాను. "దీని మీద బంతి లేవది. ఎనకకు పోకుండ్రి. ముంగటికి అడుగెయ్యాలె. ఈ మాట నాకు మా చాచా చెప్పిండు."

పిల్లలు తల ఊపి నీళ్ళు పొయ్యడంలో పడ్డారు. ఎండిన మట్టి బిందె తరవాత బిందె తాగేస్తోంది. నేను వాళ్ళను ఆపి, ఆ మాట రెండోసారి చెప్పాను.