రెండు గోడల మధ్య గుడ్ల ఆట

మా ఇంటి మధ్యలో ఉన్న గోడ ఒకటి కాదు, రెండు. గౌడవెల్లిలో మా తాత కట్టిన పెంకుటిల్లు అది. పెద్దనాయిన, మా నాయిన వేరుపడ్డప్పుడు హాలు మధ్యలో గోడ లేపుదామని ఒప్పుకున్నారు. ఆ గోడ మందం ఎవరి వాటాలోంచి పోవాలన్న దగ్గర మాట పెరిగింది. పెద్దమనుషులు పొద్దంతా కూర్చుని, చాయ్ తాగి, ఏమీ తేల్చకుండా లేచారు. చివరికి ఎవరి వాటాలో వాళ్లు ఒక్కో గోడ కట్టుకున్నారు. రెంటి మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలింది. ఆ సందులో నా షటిల్ కాక్ ఒకటి, పెద్దమ్మ దువ్వెన ఒకటి పడ్డాయి. వాటిని తీసే హక్కు ఎవరిదో ఎవరికీ తెలియదు.

గోడలు రెండూ పెంకుల దాకా పోలేదు, పైన మూరెడు ఖాళీ ఉండేది. దాంతో కొత్త పంచాయితీ మొదలైంది. మా నాయినమ్మ, అంటే మా అవ్వ, కోళ్లు పెంచేది. మా వైపు గింజలు తిన్న కోడి గోడల మీంచి ఎగిరి అటు పోయి గుడ్డు పెట్టేది. గుడ్డు కోడి గలవాళ్లదా, నేల గలవాళ్లదా అన్న మాట మీద అన్నదమ్ములు ఒకరి చొక్కా ఒకరు పట్టుకునేదాకా వచ్చింది. పెద్దమనుషులు మళ్లీ వచ్చి, ఇకమీద గోడల మీంచి ఏదీ దాటొద్దని తీర్పు చెప్పారు. కోడి వద్దు, దండెం వద్దు, వైరు వద్దు. ఆ మర్నాడే అవ్వ కోళ్లన్నీ మేడ్చల్ అంగడికి పంపేసింది. నల్లకోడిని గంపలో పెట్టేటప్పుడు మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఇంజనీరింగులోకి వచ్చి కండ్లకోయలో కాలేజీ బస్సు ఎక్కే దిగే రోజుల దాకా కూడా ఆ ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే పూర్తిగా లేవని కాదు. మా నాయిన చెప్పదలచుకున్నది తన బండికి చెప్పేవాడు. "ఏమే, కొంతమంది మోరీ నీళ్లు మనదిక్కు ఇడుస్తున్నరు, సూసినవా" అని సీటు తుడుస్తూ అడిగేవాడు. పెద్దనాయిన ప్లాట్ల బేరాలు చేసేవాడు, వార్డు మెంబరు కావాలని ఆశ. ఆయన జవాబును సెల్‌ఫోన్‌లో చెప్పేవాడు, అవతల ఎవరూ లేకుండానే. ఒకసారి అలా మధ్యలో ఉండగా ఆ ఫోనే మోగింది. ఆయన ఏమాత్రం తడబడకుండా "ఉండుండు, ఇంకో కాల్ వస్తాంది" అని లోపలికి పోయాడు.

అవ్వ మాత్రం ఇద్దరికీ వంతులవారీగా చెందింది. ఒక నెల మా దగ్గర, ఒక నెల అటు. అమావాస్య నాడు మూట కట్టుకుని మా వాకిట్లోంచి బయటికి పోయి, రోడ్డు మీద పది అడుగులు నడిచి, వాళ్ల వాకిట్లోంచి లోపలికి పోయేది. వాడకట్టు ఆడవాళ్లంతా ఆ ప్రయాణాన్ని అరుగుల మీద నిలబడి చూసేవాళ్లు. ఆలస్యమైతే "పెద్దోడు కూడు వెడ్తలేడా" అని ఒక మాట పుట్టేది. పెద్దనాయిన ఆ మాటకు పామును చూసినట్టు భయపడేవాడు.

పంపకాల్లో టీవీ డిష్షు పెద్దనాయిన వాటాకు, దాని సెట్‌టాప్ డబ్బా మా వాటాకు వచ్చాయి. వైరు గోడల కంటే ముందే ఉన్నది కాబట్టి దానికి పెద్దమనుషులు మినహాయింపు ఇచ్చారు. రెండువేల పన్నెండు ఎండాకాలం సెలవుల్లో ఆ డబ్బాలోనే నేను ఆటల సర్వీసును కనుక్కున్నాను. నెలనెలా కట్టుకుంటే బోలెడు వీడియో గేములు, ముందు కొన్నాళ్లు ఊరికే ఆడి చూసుకోవచ్చట. రిమోట్‌లో ఆకుపచ్చ బటన్ నొక్కాను.

ఆటలు రిమోట్‌తోనే ఆడాలి. కారు పందెంలో నేను కుడివైపు నొక్కితే కారు కాసేపు ఆలోచించుకుని, గోడకు గుద్దుకున్నాక కుడివైపు తిరిగేది. మా నాయిన క్రికెట్ ఆడి మొదటి బంతికే అవుటై, ఇది ముందే మాట్లాడుకున్న మ్యాచ్ అని రిమోట్ మంచం మీద పడేశాడు. అమ్మకు ముక్కలు పేర్చే ఆట పెట్టిచ్చాను. "వంటింట్ల పేర్చింది సాలదా" అని లేచిపోయింది. నాకూ విసుగొచ్చి సర్వీసు తీసేద్దామనుకుంటూ ఉండగా అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది.

తెర మీద కోళ్లు ఒక కర్ర మీద వరుసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కొక్కటి గుడ్డు పెడుతుంది, గుడ్డు కిందికి పడుతుంది, కింద ఉన్న గంపను అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. మూడు గుడ్లు పగిలితే ఆట ఖతం.

"గీ గుడ్లు ఎవలియే?" అంది అవ్వ.

"ఎవలియి ఏంది అవ్వా, పట్టుకున్నోల్లయే."

అవ్వ కాసేపు తెరను, కాసేపు గోడను చూసింది. ఆమె మొహం వెలగడం నేను కళ్లారా చూశాను. రిమోట్ ఇటు తెమ్మంది.

అక్కడి నుంచి మా ఇంట్లో సీరియళ్లు పోయాయి, వార్తలు పోయాయి. కరెంటు ఉన్నంతసేపూ అవ్వ గుడ్లు పట్టేది. పన్నెండింటికి కోత మొదలై కరెంటు పోతే, డబ్బా ఆరిపోయి ఆట మొత్తం పోయేది. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి కర్ర నుంచి మొదలుపెట్టేది. కోళ్లకు పేర్లు పెట్టింది. ఒక గుడ్డు పగిలితే "అయ్యో, పొదిగితే పిల్లయ్యేది" అని నిజంగా బాధపడేది. నేను నవ్వితే వీపు మీద ఒకటి వేసేది. ఆ దెబ్బ మాత్రం ఆట కాదు.

ఆ ఊపులో అమావాస్య వచ్చి పోయింది. అవ్వ మూట కట్టలేదు. వాడకట్టు అరుగుల మీదికి చేరి, చూసి, ఏమీ లేక లోపలికి పోయింది. మర్నాడు పెద్దమ్మ బోరింగు దగ్గర అమ్మను అడిగింది. ఆడవాళ్లిద్దరికీ ఏ తగాదా లేదు, మగవాళ్ల పంచాయితీని వాళ్లెప్పుడూ పట్టించుకోలేదు. "అత్త గుడ్లల్ల వడ్డది అక్కా" అంది అమ్మ. పెద్దమ్మకు అర్థం కాలేదు. అర్థం చేయించినా పెద్దనాయినకు ఎక్కలేదు.

ఆ మర్నాటి పొద్దున అవ్వ ఆటలో ఎప్పుడూ లేనంత దూరం పోయింది. గంపలు నిండుతున్నాయి, కర్రలు మారుతున్నాయి. ఉన్నట్టుండి తెర మీదికి ఒక నల్లకోడి వచ్చింది. అన్ని రోజుల్లో అది ఎన్నడూ రాలేదు. అవ్వ నాతో ఒక్క క్షణం ఆట ఆపే బటన్ నొక్కించి, దగ్గరికి పోయి, తెరను వేలితో తాకింది.

"మనదే" అంది.

సరిగ్గా అప్పుడే గోడ అవతల పెద్దనాయిన గొంతు లేచింది, ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు. "ఆఁ, వినవడ్తాందా? మా అమ్మను టీవీ సూపెట్టి పట్టుకున్నరు కొందరు. నా ఇజ్జత్ తీస్తున్నరు. డిష్షు నాది. ఇగ సూస్కోండ్రి." కాసేపటికి పైన డిష్షు కర్ర కదిలిన చప్పుడైంది. ఆయన వైరు పీకేశాడు.

అమ్మ, నాయిన, నేను తెర వైపు చూశాం. నల్లకోడి అలాగే ఉంది. ఆట ఒకసారి డబ్బాలోకి ఎక్కాక దానికి సిగ్నల్‌తో పనిలేదు. ఊళ్లో ఉన్న అన్ని చానళ్లూ పోయి, ప్రపంచంలో అవ్వ కోళ్లు ఒక్కటే మిగిలాయి. అవ్వ మళ్లీ మొదలుపెట్టి హాయిగా పట్టుకుంటోంది.

ఇంజనీరింగ్ చదువుతున్నందుకు అసలు సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. "అవ్వా, పన్నెండింటికి కరెంటు పోతది. డబ్బా ఆగిందంటే మళ్ల ఈ ఆట రాదు. సిగ్నల్ లేదు గద."

అవ్వ గంప జరుపుతూనే, పెంకుల దాకా వినబడేటట్టు అంది. "వినుండ్రి ఇద్దరు. నా నల్లకోడి మళ్ల పాయెనంటే నేను ఈడుండ, ఆడుండ. శామీర్‌పేట నా బిడ్డ ఇంటికి వోత. గాడనే ఉంట."

ఇద్దరు కొడుకులు బతికుండగా తల్లి కూతురింటికి పోయి కూర్చోవడం కంటే మా వైపు పెద్ద అవమానం లేదు. పెద్దనాయిన వార్డు మెంబరు ఆశ అక్కడితో సమాప్తం. మా నాయిన వాడకట్టులో తలెత్తే పని ఉండదు. అవ్వ అన్నదంటే పోతుందని ఇద్దరికీ తెలుసు. కోళ్లను ఒక్క రోజులో అంగడికి పంపిన మనిషి.

గోడ మీద గడియారంలో పదకొండు కావస్తోంది. డిష్షు వైరు మళ్లీ తగిలించినా, కరెంటు పోతే ఆట మొదటికి వచ్చి నల్లకోడి పోతుంది. మాకు ఇన్వర్టర్ లేదు, పెద్దనాయినకు ఉంది. అటు నుంచి ఒక వైరు ఇటు వస్తే డబ్బా, టీవీ నడుస్తాయి. కానీ గోడల మీంచి వైరు దాటొద్దని తీర్పు. వాకిట్లోంచి రోడ్డు మీదుగా లాగుదామని నేనంటే, ఊరంతా చూస్తుందని ఇద్దరూ రెండు వైపుల నుంచి ఒకేసారి దగ్గారు. నాయిన బండి బయట ఉంది కాబట్టి, దొరికిన చీపురుతో అన్నాడు.

"మీంచి వద్దన్నరు పెద్దమనుషులు. గోడల లోపలికెళ్లి వద్దని ఎవలన్నరే?"

అవతల పెద్దనాయిన ఫోన్‌తో ఒప్పుకున్నాడు. "ఆఁ. అది మాత్రం అనలె."

కానీ ఎవరి గోడకు వాళ్లే కన్నం పెట్టుకోవాలి. ఒకరి గోడ మీద ఇంకొకరి గడ్డపార పడితే మళ్లీ మొదటికి వస్తుంది. నాయిన మా వైపు గడ్డపార తీశాడు. పెద్దనాయిన అటు డ్రిల్లింగ్ మిషన్ పెట్టాడు. ఇద్దరు తెలివైన మగవాళ్లు, ఎక్కడ తవ్వాలో ఒకరికొకరు చెప్పుకోకుండా, నాలుగు వేళ్ల సందుకు ఇటూ అటూ పని మొదలుపెట్టారు. నా చదువు మీద నాకు అప్పుడు కలిగినంత నిరాశ పరీక్షల్లో కూడా కలగలేదు.

నాయిన కన్నం ముందు తెగింది. అందులో చేయి పెడితే షటిల్ కాక్ దొరికింది, ఒక బల్లి కూడా వచ్చింది. అవతలి గోడ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. డ్రిల్లు మోత ఎక్కడో పైన, నాయిన తలకంటే ఎత్తులో వినిపిస్తోంది. నాయిన చీపురుకు చెప్పాడు, మోతలో అటు వినబడలేదు. బల్లికి చెప్పాడు. నన్ను చెప్పమన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నేను జెప్ప. నీ అన్న, నువ్వే జెప్పు" అన్నాను. అమ్మ నన్ను కొట్టడానికి చేయెత్తి, ఎందుకో దించేసింది.

అవ్వ ఇదేమీ పట్టనట్టు ఆడుతోంది. నల్లకోడి గబగబా గుడ్లు పెడుతోంది, అవ్వ ఒక్కటి కూడా వదలడం లేదు. తెర మీద లెక్క పెరిగిపోతోంది, టీవీలోంచి ఆట పాట డబడబమని మోగుతోంది. పన్నెండుకు ఇంకా పావుగంట ఉంది.

నాయిన గడియారం చూశాడు. గోడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కన్నానికి నోరు దగ్గర పెట్టి, గొంతు సవరించుకుని, బండికి కాదు, చీపురుకు కాదు, పిలిచాడు.

"అన్నా. జర కిందికి."

డ్రిల్లు ఆగిపోయింది.

ఫోన్‌లో జవాబు వస్తుందని నేను ఎదురుచూశాను. రాలేదు. పెద్దనాయిన గొంతు కన్నం అవతల చాలా దగ్గర నుంచి వచ్చింది, ఆయన కూడా మోకాళ్ల మీద కూర్చున్నట్టుంది.

"ఎంత కిందికిరా?"

"రెండు మూరలు."

అవ్వ తల తిరిగింది. ఇన్ని రోజుల్లో ఆట మధ్యలో ఆమె తల తిరగడం నేను చూడలేదు. ఆమె వేలు రిమోట్ మీద అలాగే ఆగిపోయింది. తెర మీద ఒక గుడ్డు జారి నేల మీద పడి పగిలింది. ఇంకొకటి.

"అవ్వా, గుడ్లు" అన్నాను.

"పలగనీ" అంది, గోడ వైపే చూస్తూ.

మూడోది కూడా పగిలింది. నల్లకోడి మాయమైంది, ఆట ఖతమని అక్షరాలు వచ్చాయి, పాట మాత్రం ఇంకా గట్టిగా మళ్లీ మొదలైంది. ఇక వైరు అక్కర్లేదని నాయినకు చెబుదామని నేను లేవబోయాను. అవ్వ నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె కళ్లు నిండి ఉన్నాయి, నావీ నిండాయి.

"ఊకో బిడ్డా. ఏం జెప్పకు" అంది మెల్లగా. రిమోట్ నా చేతిలో పెట్టింది. "గా డబ్బా బంద్ చెయ్. ఒకటే సప్పుడు. వాల్లు మాట్లాడేది వినవడ్తలేదు."

నేను బంద్ చేశాను. గోడ దగ్గర నాయిన, ఇంకొంచెం ఎడమకు అన్నా, అంటున్నాడు. పొద్దున ఏమన్న తిన్నవారా, అని అటు నుంచి పెద్దనాయిన అడుగుతున్నాడు.