తారు రోడ్డు మీద కల్లాపి

నేను బీదర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా చేరింది రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో. సెక్షన్ ఆఫీసరంటే పెద్ద హోదా అనుకునేరు, ఇంజనీర్లలో అది అడుగు మెట్టు. పైన అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఆయన పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. రోడ్డు మీద ఎక్కడ గుంత కనిపించినా ఆ ఇద్దరికీ గుర్తొచ్చేది నా పేరే. మన్నాఏఖేళ్ళి నుంచి బీదర్ దాకా ఉన్న రోడ్డు నా సెక్షన్. భాల్కిలో పుట్టి, కన్నడంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడేవాణ్ని కాబట్టి నా ఫైళ్లు ఒక భాషలో, పనులు ఇంకో భాషలో నడిచేవి.

అప్పట్లో ఏ పెద్ద సంగతైనా హైదరాబాదులోనే జరిగేది. మా దగ్గరి రోడ్డు కూలీల్లో సగం మంది అక్కడి బిల్డింగుల పనికి బస్సెక్కి పోయారు. అలాంటిది ఒక చలికాలం, హైదరాబాదులో మొదలై బీదర్ కోట దగ్గర ముగిసే అంతర్జాతీయ సైకిల్ పందెం ఖాయమైందని తెలిసి మా ఆఫీసు మొత్తం పెళ్లివారిల్లయింది. పది దేశాలవాళ్లు వస్తారన్నారు. వాళ్ల సైకిల్ టైర్లు బొటనవేలంత వెడల్పు కూడా ఉండవని, చిన్న రాయి తగిలినా మనిషి ఎగిరిపడతాడని కూడా అన్నారు. అప్పటినుంచి నాకు నిద్ర తగ్గింది.

నా సెక్షన్‌లో అసలు భయం ఒక్క ఊరు. దాని పేరు చెప్పను, చెబితే ఆ ఊరివాళ్లు ఇప్పటికైనా నన్ను దొరకబుచ్చుకుంటారు. ఊరి మొగదలలో రోడ్డు గట్టి వంపు తిరుగుతుంది. ఆ వంపులోనే ఏటా కందికట్టె పరిచేవారు. వచ్చేపోయే లారీలు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది, మనుషులకు ఒళ్లు నొప్పులుండవు. కోట్లు పోసి సర్కారు వేయించిన కల్లం అన్నమాట. పందెం సరిగ్గా కందుల కాలంలో వచ్చి పడింది.

పందెం భద్రత చూసే ఆయన ఒకరు హైదరాబాదు నుంచి వచ్చి బడి వరండాలో ఊరివాళ్లతో మాట్లాడాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది నేను తెలుగులో చెప్పాను. గింజ ఉండకూడదు, పశువులు రాకూడదు, ఎవరూ అడ్డం ఉరకకూడదు. పందేనికి ముందు ఒక పరిశీలకుడి కారు వస్తుంది, రోడ్డు బాగాలేదని అతను చెయ్యెత్తితే పందెం అక్కడే ఆగిపోతుంది, బీదర్‌లో ఎదురుచూసే జనం ఇళ్లకు పోవాల్సిందే. చివర్లో మాటవరసకు ఒకటి అన్నాడు: సైకిల్ తొక్కేవాళ్లు తల ఎత్తరు, వాళ్లకు కనిపించేదల్లా కింద రోడ్డే. అదీ తెలుగులో చెప్పాను.

గొడవ అవుతుందనుకున్నాను. కాలేదు. మహిళా సంఘం పెద్ద ఎస్తేరమ్మ లేచి, “మెహమాన్లు అస్తుంటే కందులు గావాల్నా సార్? బడి మైదానంల ఏస్కుంటం” అంది. అన్నట్టే వేసుకున్నారు. ఒకప్పుడు మేకపిల్ల లారీ కింద పడ్డదని ఊరివాళ్లే మట్టితో కట్టుకున్న స్పీడ్‌బ్రేకరును వాళ్లే తవ్వి తీసేశారు. ఇళ్లకు సున్నం పడింది. అంత సులువుగా మాట విన్న ఊరిని నేను అంతకుముందు చూడలేదు, నిజం చెప్పాలంటే ఆ ఊరి మీద మురిపెం పుట్టింది.

పందెం రోజు పొద్దున్నే జీపులో రోడ్డు చూసుకుంటూ ఆ వంపు దగ్గరికి వచ్చి డ్రైవరును ఆపమన్నాను. తారు కనిపించలేదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చిక్కటి పేడనీళ్లతో కల్లాపి చల్లి ఉంది, ఇంకా తడి ఆరలేదు. దాని మీద వంపు పొడుగునా ముగ్గులు. ఎస్తేరమ్మ వేసిన ముగ్గు నడుమ క్రిస్మస్ నక్షత్రం, పక్కింటి నర్సమ్మ ముగ్గులో తామరపూలు. ఆడవాళ్లంతా కొత్త చీరల్లో నిలబడి నా మెప్పు కోసం చూస్తున్నారు. నేను జీపు దిగి అడుగు వేస్తే చెప్పు జర్రున జారింది.

“ఇదేం పని అమ్మా!” అన్నాను.

“తల ఎత్తరని మీరే జెప్తిరి గద సార్. తోరణం గడ్తే ఎవరు జూస్తరు? గందుకే కింద ఏసినం” అంది ఎస్తేరమ్మ.

కోపం వచ్చింది, వచ్చినంత వేగంగానే పోయింది. ఆ మాట వాళ్లకు తెలుగులో చెప్పింది నేనే. సైకిళ్లు జారి మనుషుల ఎముకలు విరుగుతాయని, అంతకన్నా ముందే పందెం ఆగిపోతుందని చెప్పాను. కడిగెయ్యమన్నాను. ఆమె ముఖం మాడిపోయింది.

“చావైన ఇంటి ముంగటనే ముగ్గుండదు సార్. పండుగ దినం ఏసిన ముగ్గు తుడుస్తరా ఎవరన్న? ఊరి ఇజ్జత్ ఏమయితది?”

ఎవరూ కదల్లేదు. పరిశీలకుడి కారు మన్నాఏఖేళ్ళి దాటిందని, బందోబస్తుకు వంపు దగ్గర నిలబెట్టిన వైర్‌లెస్ పోలీసు చెప్పాడు. అప్పుడు నాకు తోచింది నా ఉద్యోగం నేర్పిన మాటే. తారు అంచుకూ కాలువకూ నడుమ ఉండే మట్టి పట్టీని మేము షోల్డర్ అంటాం. సర్కారు లెక్కలో అదీ రోడ్డే. “అమ్మా, మా నక్షాలో రోడ్డంటే కాలువ దాకా. ముగ్గు తీసెయ్యమనడం లేదు, పక్కకు జరపమంటున్నా. అది మట్టి, కల్లాపి అక్కడే బాగా పట్టుకుంటుంది” అన్నాను.

ఎస్తేరమ్మ ఆ మట్టిని కాలితో ఒకసారి రాసి చూసింది. “గదైతే బరాబర్” అంది.

ఆ తర్వాత జరిగింది నేను చెబితే మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు నమ్మలేదు. బోరు దగ్గరి నుంచి వంపు దాకా మనుషులు వరస కట్టి బిందెలు అందించుకున్నారు. చీపుళ్లతో కడిగారు. కడిగిన తడి ఆరే వ్యవధి లేదు, అందుకని కందుల కోసం ఉంచుకున్న ఖాళీ గోనెలు తెచ్చి, ఇల్లు తుడిచినట్టు రోడ్డు తుడిచారు. సగం మంది తుడుస్తుంటే సగం మంది షోల్డర్ మీద కొత్త ముగ్గులు మొదలుపెట్టారు. నేనూ ప్యాంటు మడిచి ఒక గోనె పట్టుకున్నాను.

పరిశీలకుడు వంపులో కారు ఆపి దిగాడు. వంగి తారు మీద అరచెయ్యి ఆనించి రాశాడు. అతను చెయ్యి దులుపుకుని, గోనెలు పట్టుకున్న ఆడవాళ్ల వైపు ఒకసారి చూసి, కారెక్కి ముందుకు పోయాడు.

ఆ వెనకే సైకిళ్లు వచ్చాయి. ఝామ్మని ఒక గాలి కొట్టింది, రంగురంగుల చొక్కాలు వంపు తిరిగాయి, అయిపోయింది. ఎవరూ జారలేదు. ఎవరూ పక్కకు చూడనూ లేదు. “గింతేనా?” అంది నర్సమ్మ. అందరం నవ్వాం గాని, అంతసేపు నిలబడ్డవాళ్ల నవ్వు అది, అంత బాగా రాలేదు.

జనం కదలబోతుంటే వెనకబడ్డ ఒకతను ఒంటరిగా వచ్చాడు. టైరులో గాలి పోయింది. విడి చక్రాలు మోసుకొచ్చే అతని సామాను బండి ఇంకా వెనక ఉంది. ఏ దేశమో తెలియదు, ఎండకు ముఖం కందిపోయి ఉంది. సైకిల్ దిగి పక్కకు జరగబోయి ఆగాడు. షోల్డర్ పొడుగునా ముగ్గే, కాలు పెట్టే చోటు లేదు. సైకిల్ భుజాన వేసుకుని తారు అంచున అట్లాగే నిలబడ్డాడు. వెనక పోలీసు జీపు తప్పుకోమని హారన్ కొడుతోంది.

“తొక్కు బిడ్డా, తొక్కు. తొక్కనీకే ఏసినం” అని ఎస్తేరమ్మ అరిచింది. అతనికి అర్థం కాలేదు. ఆమె తన ముగ్గు మీద నుంచే నడిచి పోయి, అతని మణికట్టు పట్టుకుని లోపలికి తెచ్చి, నక్షత్రం నడుమ నిలబెట్టింది. చెంబెడు నీళ్లిచ్చింది. అతను తాగి, కిందికి చూసి, చుట్టూ ఉన్న ముఖాలను చూసి, చెంబును రెండు చేతులతో తిరిగిచ్చాడు. బండి వచ్చి చక్రం మార్చాక వెళ్లిపోయాడు.

పందెంలో ఎవరు గెలిచారని ఆ ఊళ్లో ఎవరూ అడగలేదు. మా మెహమాన్ బీదర్ చేరిండా అని మాత్రం సాయంత్రం దాకా నన్ను అడిగారు. చేరాడు, అందరికన్నా ఆఖరున.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఊళ్లో పని మొదలుపెట్టినా, అక్కడివాళ్లు ఏం చేయకూడదో చెప్పే ముందు, వాళ్లు ఏం చేయాలనుకుంటున్నారో అడిగేవాణ్ని. జవాబు వచ్చేదాకా ఆ ఊరు విడిచేవాణ్ని కాదు.