ఐదు టీవీలకూ ఒకటే నంబరు

“ఒరే అల్లాబకాషూ, ఒకటి తర్వాత రెండొస్తాదని నీకు ఎవురూ చెప్పలేదంట్రా?”

1997 డిసెంబరు రెండో ఆదివారం, పొద్దున పదకొండు గంటలప్పుడు, ఉదయగిరిలో ఒక చర్చి వరండాలో రెబెకమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆమె ముప్పై రెండేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. మెల్లగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. ప్రశ్న పడింది షేక్ అల్లాబకాష్ మీద. ఆత్మకూరు బస్టాండు పక్కన రేడియోలు, టీవీలు బాగుచేసే బంకు అతనిది. ఒకటి తర్వాత రెండు వస్తుందని అతనికి బాగానే తెలుసు. తెలిసే ఐదు టీవీలకూ ఒకటో నంబరు పెట్టాడు. ఎందుకు పెట్టాడన్నది తెలియాలంటే మనిషి తెలియాలి.

అల్లాబకాష్ పదో తరగతి తప్పి, నెల్లూరులో ఒక రేడియో షాపులో ఆరేళ్లు పని నేర్చుకొని, ఎనభై ఐదులో ఆత్మకూరు వచ్చి బంకు పెట్టాడు. చేతిలో మంచి పని ఉంది. నోట్లో “కాదు” అన్న మాట మాత్రం లేదు. సంగం నుంచి ఒకాయన టేప్‌రికార్డరు తెచ్చి “ఎప్పుడిస్తావబ్బయా?” అంటే “మీదే ఫస్టు” అంటాడు. ఆయన బస్సెక్కకముందే కలిగిరి నుంచి ఇంకొకాయన రేడియో తెస్తే “మీదే ఫస్టన్నా” అంటాడు. బంకులో అరల నిండా ఉన్న సెట్లకు చీటీలు అంటించి ఉంటాయి. ప్రతి చీటీ మీదా సొంతదారు పేరు, పక్కన సున్నా చుట్టిన ఒకటి అంకె. మనిషి కళ్ల ముందే రాసి, అతని కళ్ల ముందే అంటిస్తాడు. ఇది అబద్ధం కదా అంటే ఒప్పుకోడు.

“గిరాకీ మనసు ఎందుకు కష్టపెట్టేది సార్? ఎట్టాగూ అన్నీ చేస్తాం గదా!”

అతని భార్య హసన్‌బీ ఇంటరు పాసైంది. ఆమె అభిప్రాయం వేరు. “ఈయన బంకులో రెండో నంబరు ఇంకా పుట్టనే లేదు” అంటుంది.

ఉదయగిరి చర్చికి ఆ ఏడు నూరేళ్లు నిండాయి. లోపల నాలుగు వందల మంది పడతారు. పండుగకు రెండు వేల మంది వస్తారని లెక్క. పందిట్లో కూర్చున్నవాళ్లకు కూడా ప్రసంగం కనపడాలి, వినపడాలి అని కమిటీ తీర్మానించింది. కమిటీ సెక్రటరీ ఎడ్విన్ బ్యాంకులో క్లర్కు. అతను అల్లాబకాష్‌ను పిలిపించాడు. అల్లాబకాష్ మద్రాసు బస్సెక్కాడు.

అక్కడ షేర్ల వ్యాపారం చేసే ఏదో ఆఫీసు మూతపడితే, దాని గోడల మీద ఉండిన పెద్ద మానిటర్లు ఐదు పాత సామాను అంగట్లోకి వచ్చి ఉన్నాయి. ఇవి మన ఇళ్లలోని టీవీల వంటివి కావు. వీటి వెనక కంప్యూటరు వైరు పెట్టుకునే చోట్లు రెండేసి ఉంటాయి. ఒకదానిలోంచి ఆజ్ఞ లోపలికి వస్తుంది, రెండోదానిలోంచి బయటికి పోతుంది. కంప్యూటరు నుంచి మొదటి సెట్టుకు, మొదటిదాని నుంచి రెండోదానికి, అట్లా చివరిదాకా గొలుసు కట్టవచ్చు. కెమెరా బొమ్మ, మైకు శబ్దం వచ్చే వైర్లు వేరే. ఒక్కో సెట్టుకు ఒక్కో నంబరు ఇస్తారు. ఆ తర్వాత కంప్యూటరు ముందు కూర్చొని రెండు అక్షరాలు, సెట్టు నంబరు, ఎంత సౌండు కావాలో ఆ అంకె కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. మూడో నంబరుకు చెప్పిన మాట మొదటి రెండు సెట్లూ విని, మనది కాదులే అని ముందుకు పంపేస్తాయి. మన ఆఫీసుల్లో ఫైలు కదిలేదీ ఇట్లాగే, కాకపోతే ఇక్కడ సెకను పట్టదు. పని చేసిన సెట్టు కూడా ఆ మాటను ముందుకు పంపి, తన నంబరు చెప్పి “అయింది” అని జవాబు కూడా పంపుతుంది.

అల్లాబకాష్ ఆ సెట్లను చూసిన క్షణంలోనే ప్రేమలో పడ్డాడని హసన్‌బీ ఫిర్యాదు. ఒక పాత కంప్యూటరు కూడా కొని అన్నీ లారీలో వేయించుకొని వచ్చాడు. నెల రోజులు మొగుడూ పెళ్లాం మాన్యువల్ ముందేసుకొని కూర్చున్నారు. ఆమె చదివేది, అతను వైర్లు కలిపేది. ఇంట్లో మాట ఉర్దూ, పుస్తకం ఇంగ్లీషు, పని కుదరనప్పుడు తిట్లు తెలుగు. ఇరవై ఏడో పేజీలో ఆమె వేలు పెట్టి మరీ చెప్పింది: “ఒకే నంబరు రెండు సెట్లకు ఇవ్వగూడదంట. ఇస్తే రెండూ ఒకేసారి జవాబు చెప్తాయంట, మనకు ఒకటీ అర్థం గాదంట.”

“అట్టాంటి తిక్క పని ఎవురు చేస్తారు?” అన్నాడు అల్లాబకాష్.

సెట్లు, కంప్యూటరు, వైర్లు, పెట్టెలు కలిపి పదహారు వేలయింది. ఆ డబ్బు అతని దగ్గర లేదు. బియ్యం వ్యాపారి పెంచలయ్య దగ్గర బంకును తాకట్టు పెట్టి తెచ్చాడు. డిసెంబరు నెలాఖరుకు పదహారు వేలూ కడితే బంకు తనది, కట్టకపోతే పెంచలయ్యది. కాగితం మీద రాసుకున్నారు. చర్చి దగ్గరా రొక్కం లేదు, దాతలు ఉన్నారు. సెట్టుకు నాలుగు వేలు చొప్పున ఐదుగురు దాతలు. పండుగ సవ్యంగా జరిగాక ఇస్తామన్నారు. నలుగురి డబ్బు పెంచలయ్యకు పోగా, ఐదోవారి నాలుగు వేలు అల్లాబకాష్ కూలి.

దాతల సంగతి ఒక మాట చెప్పుకోవాలి. మన దగ్గర గుడికైనా, మసీదుకైనా, చర్చికైనా వస్తువు ఇచ్చేది ఎవరో ఆ వస్తువు మీద ఉండాలి. ట్యూబ్‌లైటు మీద పేరు రాస్తే వెలుతురు సగం తగ్గుతుంది, అయినా రాస్తారు. తిరిగితే పేరు కనపడదని ఫ్యాను వేయనివ్వని దాతను నేను ఎరుగుదును. ఈ ఐదు సెట్లకూ టేకు పెట్టెలు చేయించారు. ముందు గాజు తలుపు, దాని కింద “ఫలానావారి జ్ఞాపకార్థం” అని పసుపుపచ్చ అక్షరాలు, తలుపుకు తాళం. తాళంచెవి దాత దగ్గర. సెట్టు మీటలేమో గాజు తలుపు వెనక.

పాస్టరు ప్రసంగించే పుల్పిట్ పక్కన స్తంభానికి పెట్టిన సెట్టు రిటైర్డు హెడ్మాస్టరు కొండలయ్య గారిది, తండ్రి పేరున ఇచ్చాడు. వాకిలి దగ్గరది ఎడ్విన్‌ది, అత్తగారి పేరున. వరండాలోది రెబెకమ్మ అధ్యక్షురాలిగా ఉన్న స్త్రీల సమాజానిది. పందిట్లో ఉన్న రెండింటిలో ఒకటి ఒక కాంట్రాక్టరుది, రెండోది సీతారామపురంలోని ఒక కుటుంబానిది. కంప్యూటరును వరండాలో ఒక మూల బల్ల మీద పెట్టారు. గొలుసు పందిట్లో మొదలై, వరండా మీదుగా లోపలికి పోయి, కొండలయ్య గారి స్తంభం దగ్గర ఆగుతుంది. వైరు ఆదా కోసం అల్లాబకాష్ అట్లా లాగాడు. నంబర్లు కూడా అదే వరసలో, ఒకటి నుంచి ఐదు.

గురువారం సాయంత్రం దాతల ముందు స్విచ్చి వేశాడు. ఈ సెట్లకు ఒక గుణం ఉంది. వెలగగానే ఓ మూల పచ్చటి అక్షరాల్లో తమ నంబరు చూపిస్తాయి, మూడు సెకన్లు.

“ఇదేందయ్యా సాయిబూ, ఐదు?” అన్నాడు కొండలయ్య.

“అది సెట్టు నంబరు సార్.”

“మా నాయన ఈ సంఘానికి నలభై ఏండ్లు పెద్దగా ఉండినాడు. ఆయన ఐదా? పందిట్లో కాంట్రాక్టరుది ఒకటా?”

“వైరు అట్టా పొయ్యింది సార్...”

“వైరుకు తెలీదు. నీకు తెలియాల గదా! నాలుగు వేలు ఇచ్చేది ఐదో నంబరుకా?”

కొండలయ్య ఒక్కడే అయితే సర్దుకునేది. శుక్రవారం ఎడ్విన్ పక్కకు పిలిచి, “నాకేం పట్టింపు లేదు భాయ్, మా ఆడమనిషి బాధపడతా ఉండాది” అన్నాడు. సీతారామపురం వాళ్లు మనిషిని పంపారు. కాంట్రాక్టరు వచ్చి, తనది ఒకటి అలాగే ఉంటుందా అని ఖాయం చేసుకుపోయాడు. నలుగురూ విడివిడిగా, చెవిలో, డబ్బు సంగతి గుర్తు చేసే పోయారు. నలుగురికీ అల్లాబకాష్ తనకు తెలిసిన ఒకే జవాబు చెప్పాడు: “మీదే ఫస్టు.” శనివారం కూర్చొని, ఐదింటికీ ఒకటో నంబరు ఎక్కించాడు.

ఆదివారం స్విచ్చి వేయగానే ఐదు సెట్ల మూలల్లోనూ ఒకటి వెలిగింది. ఎవరి పెట్టె ముందు వాళ్లు కూర్చున్నారు, ఎవరి ఒకటిని వాళ్లు చూసుకున్నారు. పక్కవాడి సెట్టు వైపు చూసే తీరిక ఆ మూడు సెకన్లలో ఎవరికీ లేదు. అల్లాబకాష్ ముందున్న కంప్యూటరు తెరమీద మాత్రం ఐదు జవాబులూ ఒకదాని మీద ఒకటి పడి పిచ్చి గీతలు వచ్చాయి. బొమ్మ బాగుంది, పాటలు బాగున్నాయి. పందిట్లోవాళ్లు పక్కవాళ్లకు చూపించి మరీ మురిసిపోయారు.

నెల్లూరు నుంచి వచ్చిన పెద్ద పాస్టరు పుల్పిట్ ఎక్కి మైకు ముందు నోరు తెరిచాడు. కొండలయ్య గారి సెట్టు కూ అని అరిచింది. మైకు దానికి నాలుగడుగుల దూరంలో ఉంది. సెట్టులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే పోతోంది. గురువారం మైకు లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. పాస్టరు ఆగాడు. కూత ఆగింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ కూత.

అల్లాబకాష్ ఒకటో నంబరుకు సౌండు సున్నా కొట్టాడు. ఐదూ మూగపోయాయి.

“ఏందిరా, మూకీ సినిమానా?” అని పందిట్లోంచి కేక. సౌండు పెంచాడు. కూత. తగ్గించాడు. కేకలు. ప్లగ్గు పీకితే బొమ్మ కూడా పోతుంది, బొమ్మతో పాటు కొండలయ్య గారి నాలుగు వేలూ పోతాయి. లోపలికి వంగి వంగి పోయి తాళంచెవి అడిగాడు.

“మాది ఎందుకు తగ్గించేది?” అన్నాడు కొండలయ్య గొంతు తగ్గించి. “మిగతా నాలుగూ తగ్గించుకోపో.”

తిరిగి వరండాలోకి వచ్చేసరికి బల్ల దగ్గర రెబెకమ్మ నిలబడి ఉంది. విషయం చెప్పాడు. అప్పుడు ఆమె అడిగిందే ఈ కథ మొదట్లో చెప్పిన ప్రశ్న.

“తెలుసమ్మా. నలుగురూ ఒకటే గావాలన్నారు.”

“మా సమాజం అడిగినాదా?”

“మీరు అడగలేదమ్మా. నలుగురికీ ఇచ్చి మీకు ఒక్కళ్లకి ఎందుకు తక్కువ చేసేదని...”

“నీ మర్యాద మండిపోనూ! ఈ పండగ నాశనమైతే ఎవురన్నా పైసా ఇస్తారా నీకు? బంకు గూడా తాకట్టు పెట్టినావంటనే!” ఆమె వైరు వెంట చూపు పోనిచ్చింది. “కొండలయ్యది ఈ వరసలో ఎన్నోది?”

“ఆఖరుది.”

“మరింకేంది? సెలైను ఎక్కతా ఉంటే ఆపాలంటే ఏం చేస్తాం, పేషెంటును లేపి అడుగుతామా? ట్యూబు నొక్కతాం. ముందు అన్నిట్నీ మూగ చెయ్యి. ఆఖరుదానికి పొయ్యే వైరు పీకు. మళ్లీ సౌండు పెంచు. దానికి యాడ వినపడతాది?”

అల్లాబకాష్ ఆమె ముఖం చూశాడు. నెల రోజులు మాన్యువల్ ముందు కూర్చున్న తనకు ఈ ఉపాయం తట్టలేదు.

చిక్కు ఒకటే. ఆ వైరు జాయింటు లోపల ఉంది, నాలుగు వందల మంది కళ్ల ఎదుట. రెబెకమ్మ గుమ్మంలో నిలబడి పుల్పిట్ మీదున్న పాస్టరుకు రెండు చేతులూ జోడించి చూపించింది. ఆయన అర్థం చేసుకొని, “ప్రార్థన చేసుకుందాం” అన్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. అల్లాబకాష్ ఐదింటికీ సౌండు సున్నా చేసి, చెప్పులు విడిచి, స్క్రూడ్రైవరు నోట కరుచుకొని, గోడ వెంబడి పాకాడు. జాయింటుకు మరలు రెండు. రెండు నిమిషాల్లో ఊడదీసి వచ్చి సౌండు పెంచాడు. నాలుగు మాట్లాడాయి. ఐదోది బొమ్మ చూపిస్తూ గమ్మున ఉంది. ప్రార్థన ఇంకో తొమ్మిది నిమిషాలు సాగింది. అవకాశం వచ్చాక వదులుకునే పాస్టరు కాదాయన.

పండుగ దివ్యంగా జరిగిందని అందరూ అన్నారు. బుధవారంలోగా కొండలయ్య తప్ప మిగతా నలుగురు దాతలూ డబ్బు కట్టారు, స్త్రీల సమాజం అందరికంటే ముందు. డిసెంబరు ముప్పైన పెంచలయ్య పదహారు వేలూ ఎంచుకొని, కాగితం చించి అల్లాబకాష్ చేతిలో పెట్టాడు. బంకు దక్కింది.

ఆ సాయంత్రం హసన్‌బీ మిగిలిన పేజీలు తిప్పుతూ ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆగింది. వెలిగేటప్పుడు తెరమీద నంబరు కనపడకుండా చేసే ఆజ్ఞ. రెండక్షరాలు, ఒక సున్నా.

“ఇది ముందే ఉండిందా?” అన్నాడు అల్లాబకాష్.

“ఇరవై ఏడో పేజీ కాడ మీరే గదా ఇంక చాల్లే అని లేచిపొయ్యింది!”

మరుసటి వారం ఉదయగిరి పోయి, జాయింట్లు ఒక్కొక్కటే విప్పి బిగిస్తూ నంబర్లు మళ్లీ ఒకటి నుంచి ఐదు దాకా వరసగా పెట్టి, ఏ తెరమీదా నంబరు కనపడకుండా చేశాడు. కొండలయ్య గారి సెట్టుకు కూత రానంత సౌండు పెట్టాడు. ఆ తర్వాతే డబ్బు అడిగాడు.

“అందరూ కళ్లు మూసుకుని ఉంటే నువ్వు పాక్కుంటా వచ్చి మా నాయన నోరు నొక్కినావు. దానికి నాలుగు వేలా?” అన్నాడు కొండలయ్య.

“అందరూ మూసుకుంటే మీకెట్టా కనపడింది సార్?”

కొండలయ్య దగ్గి, లోపలికి చూసి, కాఫీ తెమ్మని కేక వేశాడు.

అప్పటినుంచి నెలకొకసారి అల్లాబకాష్ ఆత్మకూరులో బస్సెక్కుతాడు. కాఫీ తప్పకుండా ఇస్తారు. పెట్టె వెనక్కి తీసుకుపొమ్మని మాత్రం కొండలయ్య అనడు. పేరు రాసి ఉంది కదా. 1999 డిసెంబరు నాటికి ఆయన అల్లాబకాష్‌కు ఇవ్వవలసింది నాలుగు వేల రూపాయలు. అందులో ఒక్క రూపాయి కూడా ముట్టలేదు.