సీకుల పొయ్యికి రేకు గూడు

మా అమ్మ పెరట్లో సీకులు కాల్చి అమ్మేది. ఇటుకలు రెండు వరసలుగా పేర్చి, నడుమ కట్టెబొగ్గు రాజేసి, మసాలా పట్టించిన మాంసం గుచ్చిన ఇనుప సీకులు అడ్డంగా పరిచేది. సాయంత్రం డ్యూటీ దిగిన రైల్వేవాళ్లు గోడ దగ్గర నిలబడి తినిపోయేవాళ్లు. అరవైల మొదట్లో, ఖాజీపేటలో. మా నాన్న కూడా రైల్వేలోనే, ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు. ఆయన జీతంతో అంతమందిమి బతకడం కాని పని. అమ్మ పొయ్యి ఆరితే మా కంచాలు సగం ఖాళీ అని ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు.

చిక్కల్లా పొగతోనే. కొవ్వు కరిగి నిప్పుల మీద పడిందంటే చాలు, పొగ లేచి మేడ మీది కిటికీలోకి పోయేది. ఆ గదిలో ఇంటి ఓనరు తల్లి ఉండేది. మేమంతా అవ్వ అని పిలిచేవాళ్లం. ఆమెకు దమ్ము జబ్బు. చలికాలం మొదలవగానే ఓనరు మెట్లు దిగి వచ్చాడు.

"ఇగో తమ్మీ, మా అవ్వకు ఊపిరాడుతలేదు. పొయ్యన్న బందు చెయ్యున్రి, ఇల్లన్న ఖాళీ చెయ్యున్రి."

"క్రిస్మస్ దాకా జర ఆగు పటేలా. ఏదన్న ఉపాయం చేస్త," అని నాన్న బతిమాలాడు.

ఓనరు అటు పోగానే అమ్మ ఇటు లేచింది. "ఏం ఉపాయం జేస్తవయ్యా? పొగను మూట గట్టి నెత్తిన వెట్టుకుంటవా?"

"ఫికర్ చెయ్యకు. పొద్దంత పొగల వడి బతికెటోన్ని, పొగను పంపుడు నాకు తెల్వదా?" అన్నాడు నాన్న.

షెడ్డులో నిలబెట్టిన ఇంజన్ల పొగ బయటికి పోవడానికి పైన పెద్ద పెద్ద రేకు గూళ్లు వేలాడుతుంటాయి. నాన్న కంటికి అవే ఆనాయి. పాత డ్రమ్ముల రేకు కోసి, గంప బోర్లించినట్టు ఒక గూడు చేశాడు. దాని నెత్తిన గొట్టం మీద గొట్టం తొడిగి, మేడ కప్పు దాటేదాకా లేపి గోడకు తీగలతో బిగించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మూడు పక్కలా ఇటుకల దాకా రేకు దించి, గాలి గుంజడానికి అడుగున ఒక కంత కూడా పెట్టాడు. ఇంజను పొయ్యికి ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

ఆ సాయంత్రం బొగ్గు వేయగానే పొయ్యి బుస్సుమంది. మంట ఎగిరి సీకులను మింగింది. మొదటి ముక్క నోట్లో వేసుకున్నతను ఉమ్మేసి, "అక్కా, పైన బొగ్గు, లోపల మేక!" అన్నాడు. గోడ దగ్గర అందరూ ఒకటే నవ్వు. అమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఓ అయ్యా! నేను సీకులు కాలుస్తాన్ననా, మద్రాసు బండి నడుపుతాన్ననా?"

నాన్న కంత మూశాడు. పక్క రేకులు ఊడదీశాడు. గొట్టంలోకి ఒక రేకు పలక దూర్చి, దాన్ని లోపలికి నెడితే గాలి తగ్గేలా, బయటికి లాగితే పెరిగేలా అమ్మ చేతికి అందేచోట పెట్టాడు. అప్పుడు కుదిరింది. సెగ అణిగింది, పొగ మాత్రం బుద్ధిగా గొట్టంలోంచి కప్పు మీదికి పోయింది. "మరియమ్మ తల్లీ! ఇన్నేండ్లకు కండ్లు తెరిసి సీకు తిప్పిన," అని అమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. ఆమె అంత సంబరపడగా అంతకుముందు నేను చూడలేదు.

అవ్వ దగ్గు మాత్రం తగ్గలేదు. ఓనరు మళ్లీ వచ్చాడు. "మీ గొట్టంతోని ఏం ఫాయిదా లేదు. పండుగ కాంగనే ఖాళీ చెయ్యున్రి." నాన్న పక్కూరు మడికొండలో ఇల్లు వెతుకుతానన్నాడు. రైల్వేవాళ్లు రాని మడికొండలో సీకులు ఎవరు కొంటారని అమ్మ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

క్యాథలిక్కులం కాబట్టి శుక్రవారం మాకు మాంసం నిషేధం. తినం, అమ్మం, పొయ్యి అసలే వెలిగించం. ఆ శుక్రవారం అమ్మ గడప మీద కూర్చుని నాకు తల దువ్వుతోంది. పైనుంచి దగ్గు వినిపించింది. దువ్వెన ఆగిపోయింది.

"ఇయ్యాల శుక్రారం గదనే! పొయ్యి ఎలగనే లేదు. అవ్వ ఎందుకు దగ్గుతాంది?"

సగం జడతోనే నేనూ ఆమె వెనక మేడెక్కాను. మా పొగ వస్తుందని కిటికీ బిడాయించి ఉంది. లోపల మంచం పక్కన ఓనరు కూర్చుని తల్లి కాళ్లు పిసుకుతున్నాడు, ఎంతో ప్రేమగా. నోట్లో చుట్ట. గదినిండా పొగే.

అమ్మ వెళ్లి ధన్‌మని కిటికీ తెరిచింది. "మా పొగకు గొట్టం వెట్టినం పటేలా. నీ పొగకు ఎవలు వెట్టాలె?"

ఆయన చుట్ట తీసి చేతిలో పట్టుకుని తల్లి వైపు చూశాడు.

అవ్వ దగ్గు ఆపుకుని, "పొద్దంత పనిజేసొచ్చి కాళ్లకాడ గూసుంటడు బిడ్డా," అంది అమ్మతో. "చుట్ట వద్దంటె లేసివోతడేమోనని…"

క్రిస్మస్ వచ్చింది, పోయింది. మేం ఖాళీ చేయలేదు. రోజూ పొయ్యి వెలగగానే ఓనరు పీట తెచ్చుకుని మా గూడు కింద కూర్చునేవాడు. చుట్ట ముట్టించి మెడ ఎత్తి పొగ గొట్టంలోకి వదిలేవాడు. అమ్మ సీకు తిప్పుతూనే రెండో చేత్తో పలకను బయటికి లాగేది.

"జల్ది తాగు పటేలా, అవ్వ ఎదురుచూస్తాంది."