అత్తయ్య ముందే కప్పించుకున్న చీర

మిరప కోతలు అయిపోయి, గ్రంథాలయంలో తీరిగ్గా కూర్చునే రోజులవి. నేను బడికి వెళ్ళింది తక్కువ. ఉన్న చదువంతా ఆ బీరువాల ముందు సంపాదించిందే. కొత్త సంగతి తెలిస్తే ఎవరికైనా చెప్పేదాకా కాలు నిలవదు. అందుకే ఆ రోజు బస్సెక్కి దర్శిలో మా మేనత్త ఇంటికి వెళ్ళాను.

“అత్తా, పూర్వం ఈజిప్టులో శవానికి కప్పే గుడ్డ మీద పోయిన మనిషి బొమ్మే వేసేవారంట! కాటుక కళ్ళు, మెడలో నగలు, పక్కన దేవుళ్ళు. అన్నీ రంగుల్లోనే!”

ఆవిడ కందులు చెరగడం ఆపింది. “పత్తి గుడ్డేనా?”

“కాదు, అవిసె నారతో నేసింది.”

“పత్తి పండదేమో, పాపం. చచ్చాక చేయించేవాళ్ళా, ముందేనా?”

“సమాధికి కావాల్సినవి కలిగినవాళ్ళు ముందే సిద్ధం చేసుకునేవాళ్ళంట.”

చేట పక్కన పడింది. మాలో ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు కొత్త చీర తెచ్చి కప్పాలి. ఆవిడ పుట్టింట మిగిలింది నేనొక్కడినే.

“ఏరా, నాకు ఏ రంగు తెస్తావ్?”

“ఇప్పుడా మాటలేంటత్తా!”

“నువ్వు మీ ఆవిడకి తెచ్చే చీరలు చూశాలే. అన్నీ గోనెసంచి రంగే. ఊరంతా చూస్తుండగా నేనట్టా పోవాలా? పద చీరాల. నా చీర నా కళ్ళతో చూసుకుంటా.”

చీరాల బట్టల కొట్లో గుమాస్తా మర్యాదగా అడిగాడు. “ఏ ఫంక్షన్‌కమ్మా?”

“నా చావుకి.”

పక్కన పెళ్ళిబట్టలు బేరమాడేవాళ్ళు ఇటు తిరిగారు. గుమాస్తా తేరుకుని కుచ్చిళ్ళు పట్టి చూపించబోయాడు.

“పడుకునేదానికి కుచ్చిళ్ళెందుకు నాయనా, అంచు చూపించు,” అంది.

పండుమిరప రంగు, నెమళ్ళ అంచు. అది తేలగానే ఆవిడ కొట్లో పరుపు మీద వెల్లకిలా పడుకుంది. “కప్పరా, చూద్దాం.”

గడ్డం దాకా కప్పాను.

“కళ్ళు మూసుకోత్తా,” అన్నాను.

“మూసుకుంటే ఎట్టా చూసేదిరా!”

అంతే. నేను, ఆవిడ, గుమాస్తా, ఆ పెళ్ళివాళ్ళు, అందరం పడీపడీ నవ్వాం. ఆ చీర కింద ఆవిడ పొట్ట ఎగిరెగిరి పడితే నెమళ్ళు కూడా గంతులేశాయి.

లేచిన మనిషి చీరని మడవనివ్వలేదు. అక్కడే కట్టుకుని, పక్కనే వాడరేవులో సముద్రం చూపించమంది. అలల్లోకి మోకాళ్ళ దాకా దిగింది.

“కట్టిన చీర కప్పకూడదు కదత్తా!” అని ఒడ్డు నుంచి అరిచాను.

“అప్పటికి ఇంకోటి తేరా! రంగు చూశావుగా!”