పచ్చబడిన కుంట

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. వ్యవసాయ డిప్లొమా చేతికొచ్చి నెలే అయింది మరి. మంథని దారిలో బొగ్గుగనుల కాలనీల్లో పచ్చికలు, పూలమొక్కలు పెంచే కాంట్రాక్టులు చేసే మా బావ (అక్క పోరు పడలేక) నన్ను పనిలో పెట్టుకున్నాడు. పదిహేను రోజుల్లో గనుల పెద్దసారు వస్తున్నాడు, గెస్ట్‌హౌస్ ముందు "గడ్డి పచ్చగ మెరవాలె" అన్నాడు. సంచి మీద రాసిన మోతాదు పిరికివాళ్ళ కోసమని నా అభిప్రాయం. యూరియా నాలుగింతలు చల్లుతున్నాను. కంచె అవతలి కుంటలో చేపలు పెంచుకునే ముసలాయన (అందరూ కాక అని పిలిచేవారు) ఆకాశం చూసి, "మబ్బు పట్టింది బిడ్డా. గిప్పుడు మందేస్తే వానకు కొట్టుకొచ్చి నా కుంటల పడ్తది" అన్నాడు. నేను నవ్వి, వాన పడితేనే మందు వేళ్ళకు దిగుతుందని ఇంగ్లీషు ముక్కలు కలిపి ఆయనకు పాఠం చెప్పాను.

సాయంత్రం వాన దంచికొట్టింది. మందంతా పోయిందని మర్నాడు మళ్ళీ చల్లాను. ఆపైన ఎండలు కాశాయి. వారం తిరిగేసరికి గడ్డి మాడి పసుపుపచ్చనైంది. కుంట మాత్రం చిక్కటి పచ్చరంగు తేలింది. కాక వచ్చి తిట్టనైనా తిట్టలేదు. "చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయి. సదువుకున్నోనివి, ఎందుకో జర చూడు" అన్నాడు. ఎందుకో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

పెద్దసారు రానే వచ్చాడు. గడ్డి చూసి మొహం ముడిచి, కుంట వైపు తిరిగి, "ఆహా, ఎంత పచ్చగా ఉంది! ఎవరి పనయ్యా ఇది?" అన్నాడు. "మా బామ్మర్దే సార్" అని బావ నన్ను ముందుకు తోశాడు. ఉద్యోగంలో నాకు దక్కిన మొదటి మెప్పు అది. (ఊరుకుంటే సరిపోయేది.) కంచె దగ్గర కాక నిలబడి ఉన్నాడు. "నా పనే సార్. యూరియా కొట్టుకపోయి నీళ్ళు ఖరాబైనయి. చేపలు సచ్చేటట్టున్నయి" అనేశాను. "నీ నోట్లె యూరియా పొయ్య!" అని బావ పళ్ళు కొరికాడు.

కాంట్రాక్టు పోలేదు గానీ, దిద్దే పని నా నెత్తినే పడింది. పచ్చికకూ కుంటకూ నడుమ గట్టు పోసి, వాన నీళ్ళు ఆగేలా వట్టివేరు వరసలు నాటాను. బోరునీళ్ళు వదిలితే సగం చేపలు బతికాయి. కాక మిగతా సగం మాట ఎన్నడూ ఎత్తలేదు. "గట్టు జర వంకరున్నది" అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు ఊరూరా తిరిగి, వాన ముందర మందు చల్లొద్దని, నీటి ఒడ్డున గడ్డిపట్టీ వదలమని రైతులకు చెప్పడమే నా ఉద్యోగం. "గిది మాకెర్క లేదా సారూ" అని ముసలివాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ ఇరవై ఏళ్ళవాడు ఎదురుపడితే రెండు తగిలించాలనిపిస్తుంది; అంతలోనే, అంత ధీమాగా నేను మళ్ళీ ఎప్పుడూ బతకలేదే అని కాస్త అసూయా కలుగుతుంది.