విరగని పుల్ల

ఆ రోజు నేను చేసిన తప్పు తెలియక చేసింది కాదు. నరికి ఎండబెట్టిన కొమ్మల్లోంచి ఒక పుల్ల తీసి విరిచి చూశాను. వంగింది కానీ విరగలేదు. అయినా అంటించమన్నాను.

శబరి నది అవతల, చెట్లు నరికి కాల్చి ఆ బూడిదలో విత్తే పోడు కొట్టుకు బతికే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. పుల్ల ఫట్టుమని విరిగితేనే నిప్పు పెట్టాలని మా అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. తర్వాత బస్తర్ సంస్థానంలో అడవి కాపలా కాసే జంగిల్ జవానునయ్యాను. అప్పుడే అడవికి కొత్తగా గీత గీసి, దాని లోపల చెట్టు నరకడం నేరమన్నారు. పేరు రాజుది, చట్టం తెల్లదొరలది, లాఠీ నాది. గీత లోపల దొర్ల తెగకు చెందిన ఒక ముసలమ్మ కుటుంబం తాతలనాటి కొండవాలు మీద చెట్లు నరుకుతుంటే వాళ్ల కోళ్లు తిని ఊరుకున్నాను. ఇంతలో మా అడవి దొర తనిఖీకి వస్తున్నాడని కబురు. నరికిన చెట్లు కంటపడితే వాళ్లకు జైలు, నా కొలువు ఊడుతుంది. కాలిపోయి ఉంటే కార్చిచ్చని చెప్పొచ్చు.

"ఏంది అల్లుడా, పచ్చి కట్టె కాలుతదా? మీ అమ్మ నీకు పోడు నేర్పలేదా, కోడి తినుడే నేర్పిందా?" అంది ముసలమ్మ, నన్ను ఎప్పటిలా వరస కలిపి పిలుస్తూ. కోడళ్లు నవ్వారు.

"దొర వస్తున్నడు అత్తా. జైల్ల కూసుంటవా?"

"వానలు ఇంకా దూరమున్నయి. బూడిద గాలికి పోతే మేమేం తినాలె?"

"చెప్పింది చెయ్యి," అని లాఠీ నేలకేసి కొట్టాను.

వాలు సగం కాలి ఆరిపోయింది. ఉన్న బూడిదను వడగాలి ఊడ్చుకుపోయింది. దొర ఆ దారికే రాలేదు, వేటకు మరోవైపు వెళ్లాడట. తొలకరికి చల్లిన సామలు జానెడు లేచి ఎర్రబారాయి. విత్తనానికి కూడా గింజ దక్కలేదు. చలికాలమంతా వాళ్లు అడవి గడ్డలు ఉడకబెట్టుకు తిన్నారు. వాటిని తవ్వాలన్నా గీత దాటాలి. దాటబోతూ నన్ను చూసి ఆగేవాళ్లు.

చివరికి దొర వచ్చి, మాడిన మొద్దులు చూసి వాళ్లమీద కేసు రాయమన్నాడు. నరకనిచ్చిందీ కాల్పించిందీ నేనేనని చెప్పాను. కేసు తప్పింది, నా కొలువు పోయింది. దానితో వాళ్ల కడుపు నిండలేదు. శబరి దాటి మా మేనమామ ఇంట్లో సామల విత్తనం అడుక్కుని నెత్తిన మోసుకొచ్చాను.

ముసలమ్మ గుప్పెడు తీసి వాసన చూసింది. "గింజ మంచిదే. నేలేది?"

పాత వాలులో ఇక విత్తనివ్వరు; గీత బయట వాళ్లకు మిగిలింది రాళ్ల వాలు. ఆ వేసవి వాళ్లతోపాటు గొడ్డలి పట్టి అదే నరికాను. కొమ్మలు ఎండాక ముసలమ్మ ఒక పుల్ల నా చేతికిచ్చి చూడమంది. దాన్ని ఆమెకే తిరిగిచ్చేసి, ఆమె చెప్పేదాకా నిప్పు పట్టుకుని వాలు కింద నిలబడ్డాను.